ప్లేటు మూలన బొటనవేలు

పిన్నిగారి కుడిచేతికి బొటనవేలు లేదు.

మిగతా గాయాలన్నీ నాకు అర్థమయ్యాయి. కెమెరా స్టాండు ఇనపకాలుతో తల వెనక రెండు దెబ్బలు, దవడ మీద ఒకటి, మెడ చుట్టూ వేళ్ళ గుర్తులు. ఎనభై ఏళ్ళ మనిషిని చంపడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కానీ బొటనవేలితో ఎవరికేం పని? మార్చురీ డాక్టరు దుప్పటి కప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు. "వేలు ముందు పోయింది. ప్రాణం తర్వాత పోయింది."

ఆ మాట విన్నాక నేను బయటికొచ్చేశాను. కోపం వచ్చింది. కోపం వస్తే నేను బాగా పనిచేస్తాను.

నన్ను ఊళ్ళో జిడ్డు అంటారు. ప్రైవేట్ డిటెక్టివ్ అని తలుపు మీద బోర్డు కట్టుకున్నా ఆ పేరే నిలిచింది. పట్టుకుంటే వదలనని కొందరు మెచ్చుకోలుగా అంటారు, తలనొప్పి భరించలేక చాలామంది అంటారు. ఈ కేసులో నన్ను పెట్టుకున్నది, అందరూ పిన్నిగారని పిలిచే ఆ ముసలావిడ మనవరాలు. ఆ పిల్లే హంతకురాలని పోలీసులు లాకప్‌లో వేశారు. ఈ సాయంత్రం కోర్టుకి తీసుకెళ్ళేలోపు నేరం ఒప్పుకున్నట్టు ఆ పిల్ల సంతకం పెడితే, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మార్చురీ నుంచి నేరుగా పిన్నిగారు పనిచేసిన ఫొటో స్టూడియో వెనక, హత్య జరిగిన డార్క్‌రూమ్‌కి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు. ఆయన్ని డిపార్టుమెంటులో పులి అంటారు. ఆ పేరు ఆయనే ప్రచారం చేసుకున్నాడని నా అనుమానం. పిన్నిగారు కూర్చునే స్టూలు మీద కూర్చుని, ఒక కాలు ప్లేట్ల పెట్టె మీద పెట్టాడు. నేల మీద నెత్తురు ఎండి అట్టకట్టింది.

"రా జిడ్డమ్మా! కేసు అయిపోయింది. టీ తాగి వెళ్ళు."

"అయిపోయిన కేసుకి అలమరలన్నీ ఎందుకు తిరగేస్తున్నారు సార్?"

"ఆ వేలు దొరుకుతుందేమోనని. నీకెందుకు?"

"మీ కాలు కొంచెం తీస్తారా?"

తియ్యలేదు. నేనే పెట్టెని కాలి కిందనుంచి లాగాను. లోపల గాజు ప్లేట్లు, ఒక్కోటి చెక్క గాడిలో నిలబెట్టి ఉంది. మొత్తం నలభై. ఈ స్టూడియో యజమాని, కీర్తిశేషులు మాస్టారు తీసినవని లోకమంతా చెప్పుకునే బొమ్మల అసలు నెగెటివ్‌లు అవి. రేపు ఉదయం వాటి ప్రదర్శన మొదలు. ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూశాను. ప్రతి ప్లేటుకీ కింద కుడి మూల విరిగి ఉంది.

"పెనుగులాటలో పగిలాయి," అన్నాడు పులి.

"పెనుగులాటలో నలభై ప్లేట్లూ ఒకే మూలన పగిలాయా? వరసలో నిలబడి పగలగొట్టించుకున్నాయా?"

పులి మీసం దువ్వుకున్నాడు. జవాబు లేనప్పుడల్లా అదే చేస్తాడు. "చూడూ, నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి మనవరాలు ఈ గదిలో ముసలావిడతో పోట్లాడింది. వాచ్‌మన్ విన్నాడు. అప్పుడే చంపింది. అయిదింటికి మళ్ళీ వచ్చి, అప్పుడే చూసినట్టు అరిచింది. స్టాండు కాలు మీద దాని వేలిముద్రలు, బట్టల నిండా నెత్తురు. ఇంకేం కావాలి?"

"ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఈ వీధిలో కరెంటు లేదు సార్. ఫొటో ప్రింటు తియ్యాలంటే లైటు వెలగాలి. ఈ ట్రేలో పిన్నిగారు వేసిన ప్రింటు ఉంది. అంటే మూడు దాటాక ఆవిడ బతికే ఉంది. అప్పటినుంచి అయిదిదాకా మనవరాలు వేరే వీధిలో తన షాపులో జనానికి పాస్‌పోర్టు ఫొటోలు తీస్తోంది."

బల్ల మీద మూడు ట్రేలు వరసగా ఉన్నాయి. కుడివైపు చివరి ట్రేలో ఒక కాగితం తేలుతోంది. పూర్తిగా నల్లబడిపోయింది.

"దీన్ని ప్రింటంటావా?" పులి గట్టిగా నవ్వాడు. "ముసలావిడ బొమ్మ నిలబెట్టే హైపో మార్చి ఎన్నాళ్ళయిందో! అందులో వేసినా నిలవక బొగ్గయిపోయింది. నాకు చెప్పకు. నేను పోలీసు ఫొటో సెక్షన్లో ఆరేళ్ళు చేశాను. ఎన్ని శవాల బొమ్మలు నా చేత్తో కడిగానో నాకే లెక్క లేదు. ఆ నల్లకాగితం ఎప్పటిదో ఎవడు చెప్తాడు? పద, గదికి సీలు వేయిస్తున్నా."

మెడ పట్టి గెంటలేదు గానీ దాదాపు అంత పనీ చేశాడు.

లాకప్‌లో మనవరాల్ని చూశాను. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చీలింది. ఎడమ అరచెయ్యి పూరీలా ఉబ్బింది.

"సంతకం పెట్టావా?"

"లేదక్కా. సాయంత్రంలోపు పెట్టకపోతే గోళ్ళు పీకుతానన్నాడు ఆ ఇన్‌స్పెక్టరు." ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆ పిల్లకి. "నాది ఎడమచేతి వాటమని తెలిసి ఆ చేతి మీదే కొట్టాడు. అమ్మమ్మది కూడా అదే వాటం."

"మరి అమ్మమ్మకి పనిచేసే చెయ్యి వదిలేసి, కుడి బొటనవేలు ఎందుకు తెగ్గోశారే?"

ఆ పిల్లకి వేలి సంగతి ఎవరూ చెప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిందే గానీ ఆ చెయ్యి చూడలేదట. మోకాళ్ళలో తలదూర్చుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఆ ప్లేట్లు కొన్నవి కావక్కా. అమ్మమ్మ చేసినవి. గాజుపలక మీద మందు పోసి, నాలుగువైపులా పారేలా వంచాలి. ఎడమచేత్తో పోసేది, కుడిచేత్తో మూల పట్టుకునేది. పట్టుకున్న మూలన మందు అంటదు, బొటనవేలి ముద్ర పడిపోతుంది. చిన్నప్పుడు గాజు పెంకు కోసుకుని ఆ వేలి మీద అడ్డంగా గాటుంది. ప్రతి ముద్రలోనూ ఆ గీత కనిపిస్తుంది. మాస్టారుది కుడిచేతి వాటం. ఆయన చేసి ఉంటే ఎడమ మూలన ఉండాలి కదా ముద్ర."

"ప్లేట్లు చేసింది ఆవిడ సరే. బొమ్మలు తీసింది?"

"అదీ అమ్మమ్మే. పురిటి గదుల్లో బొమ్మలు, ఆడవాళ్ళ వార్డులో బొమ్మలు, తలంటుకుంటున్న ఆడవాళ్ళ బొమ్మలు... అక్కడికి కెమెరా పట్టుకుని మగాణ్ణి ఎవరు రానిస్తారక్కా? మాస్టారు అమ్మమ్మకి బావ. అక్క మొగుడు. ఆడదాని పేరు పెడితే ఎవరూ చూడరని తన పేరు వేసుకున్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు చిన్న మాస్టారు అదే పేరు మీద బతుకుతున్నాడు. నిన్న నేను పోట్లాడింది దాని గురించే. ప్రదర్శనలో అందరి ముందూ నిజం చెప్పవే అమ్మమ్మా అని. చివరికి సరేనంది. నలభై ఒకటో ప్లేటు ఒకటుంది, ఎవరికీ చూపించలేదు, దాన్ని ప్రింటు తీసి తెస్తానంది."

నలభై ఒకటి. పెట్టెలో నలభైయే ఉన్నాయి.

"నువ్వు తలుపు తీసేసరికి గదిలో ఏ లైటుంది?"

"ఎర్రలైటు. నేనే తెల్లలైటు వేశాను."

"ట్రేల వరస ఏమిటి?"

"కుడి నుంచి ఎడమకి. డెవలపరు, నీళ్ళు, హైపో. మా చేతివాటానికి అదే వీలు. అన్నిచోట్లా ఎడమ నుంచి కుడికి ఉంటుందిలే. చిన్న మాస్టారు కూడా మా వరసే, అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాడు."

అప్పుడే కానిస్టేబులు కర్రతో ఊచలు కొట్టి, టైమైపోయిందన్నాడు. నా బుర్రలో మాత్రం ఆ నల్లకాగితం తేలుతూనే ఉంది. డెవలపరులో బొమ్మ పైకొస్తుంది, నీళ్ళలో కడుగుతారు, హైపోలో వేస్తే నిలుస్తుంది. నీళ్ళదాకా వచ్చిన ప్రింటుని ఎవరో అలవాటు కొద్దీ హైపో అనుకుని కుడివైపు డెవలపరులోకి తిరిగి వేశారు. ఆ పిల్ల తెల్లలైటు వెయ్యగానే అది నల్లబడింది. పిన్నిగారు ఆ పొరపాటు చెయ్యదు. ఈ పిల్లా చెయ్యదు. చేసినవాడికి ఫొటోలు కడగడం వచ్చు, కానీ ఆ గది కొత్త.

స్టూడియో ముందుగదిలో మాస్టారి నిలువెత్తు పటం కింద చిన్న మాస్టారు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. చేతిరుమాలు మాత్రం పొడిగానే ఉంది.

"పిన్ని నన్ను ఎత్తుకుని పెంచిందమ్మా. కన్నతల్లి కన్నా ఎక్కువ."

"అలాంటి తల్లి పేరు రేపటి ప్రదర్శనలో ఎక్కడైనా ఉందా అండీ?"

"ఆవిడ నాన్నగారికి సాయం చేసేది. రంగులు దిద్దడం, మచ్చలు చెరపడం. ఇంట్లో ఆడవాళ్ళు అందరూ చేసే పనే."

"పురిటి గదిలో బొమ్మ ఉంది చూడండి, బిడ్డ తల అప్పుడే బయటపడుతున్నది. అది మీ నాన్నగారు ఎలా తీశారు? కిటికీ ఎక్కి తీశారా?"

"నాన్నగారంటే అందరికీ గౌరవం!"

"అంత గౌరవమున్న మగవాణ్ణి పురుడొస్తున్న మనిషి పక్కన నిలబెట్టుకుంటారా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "ఆ పిల్ల నీ చెవులు కొరికినట్టుంది. ఆస్తి కోసం అమ్మమ్మని చంపుకున్న దాని మాట నమ్ముతావా?" అని గొంతు పెంచి, మళ్ళీ తనే తగ్గించాడు. "పోనీలే. ప్లేట్లు దక్కాయి, అదే పదివేలు. మూలలే కదా విరిగింది, ఫ్రేములో పెడితే కనపడదులే."

ఆ గదిలోకి నిన్నటి నుంచి పోలీసులు తప్ప ఎవరూ వెళ్ళలేదు. పులి చెప్పి ఉంటాడనుకుని నేను ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

డార్క్‌రూమ్ ముందు తలుపుకి సీలు వేశారు గానీ, పెరటి వైపు చిన్న తలుపుందని పులికి తోచలేదనుకున్నాను. మనవరాలు చెప్పిన చోట, నీళ్ళకుళాయి వెనక తాళంచెవి దొరికింది. లోపలికి వెళ్ళి గడియ వెయ్యకుండా తలుపు మూసి, ఎర్రలైటు వేశాను.

పిన్నిగారిలా ఆలోచించాను. ప్రింటు నీళ్ళలో ఉంది. ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. చేతిలో ప్లేటుంది. పరుగెత్తే వయసు కాదు. బల్ల దగ్గర నిలబడి ఎడమచెయ్యి చాపితే ఏం అందుతుంది?

హైపో ట్రే.

చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ మడ్డినీళ్ళలోకి చెయ్యి పెట్టాను. అడుగున చల్లగా గాజు తగిలింది. నలభై ఒకటో ప్లేటు, నాలుగు మూలలతో సహా. ఒక్కరోజు హైపోలో నానినంత మాత్రాన దానికి పెద్ద నష్టం లేదు. కింద కుడి మూలన బొటనవేలి ముద్ర, దాని మీద అడ్డంగా గాటు. ఈ ముద్రతో పోల్చి చూడ్డానికి వేలు మిగలకూడదనే తెగ్గోశారు. హంతకుడు గదంతా వెతికాడు. ఈ ట్రే మాత్రం డెవలపరు అనుకున్నాడు. డెవలపరులో ప్లేటు ఎవరూ దాచరు కదా.

వెంటపడి మనుషుల ఫొటోలు తీసే రోజుల్లో నా ఫిల్ములు నేనే కడుక్కునేదాన్ని. ట్రేల వరస మార్చకుండా మందులు కొత్తవి పోశాను. ప్లేటు కాగితం మీద ఆనించి క్షణం లైటు చూపించాను. కాగితం డెవలపరులో వెయ్యగానే బొమ్మ మెల్లగా పైకి తేలింది.

మాస్టారు పడక్కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆయన వెనక గోడకి పెద్ద అద్దం. అద్దంలో మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా, దాని పక్కన పాతికేళ్ళ అమ్మాయి. ఎడమచేతిలో షట్టరు నొక్కే రబ్బరు బుడ్డి. నవ్వు ఆపుకుంటోంది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ పిల్ల ఈ నవ్వుని ఎక్కడ దాచుకుంది!

ప్రింటు తీసి నీళ్ళ ట్రేలో వేశాను. అప్పుడు పులి అన్న మాట గుర్తొచ్చింది. ముసలావిడ హైపో మార్చి ఎన్నాళ్ళయిందో అన్నాడు. కుడివైపు ట్రే చూపించి అన్నాడు. ఫొటోలు కడగడం వచ్చు. ఈ గది కొత్త.

పెరటి తలుపు తెరుచుకుంది. చారెడు వెలుతురు కూడా పడకుండా ఒడుపుగా లోపలికొచ్చి, మూసి గడియపెట్టాడు పులి. అలవాటున్న చెయ్యి.

"సీలు వేసిన గదిలో ఏం కడుగుతున్నావు జిడ్డమ్మా?"

"నా పాపాలు సార్." ప్లేటుని కోటు లోపలికి జారవిడిచాను. "నా చేతులు ఖాళీ లేవు. ఆ ప్రింటు కాస్త హైపోలో వేద్దురూ, పాడైపోతుంది."

భయపడాల్సిన చోట నోరు జారడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. పులి ప్రింట్లు పట్టే చిమ్టా అందుకున్నాడు. ఆయన కళ్ళు నా కోటు మీదున్నాయి. ప్రింటుని నీళ్ళలోంచి ఎత్తి, చూడకుండానే కుడివైపు ట్రేలో వేశాడు.

"నిన్న కూడా అలాగే వేశారు," అన్నాను.

ఆయన ట్రే వంక చూశాడు. వాసన పీల్చాడు. అర్థమైంది. మీసం దువ్వుకోలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"చెప్పలేదంటే చంపుతారు, చెప్పానంటే కొట్టి చంపుతారు. ఏది చెప్పమంటారు?"

"ముసల్ది ఎంత మొండిదో తెలుసా?" జేబులోంచి గాజు విరిచే పట్టకారు తీశాడు. "వేలు తెగుతుంటే కూడా ప్లేటు ఎక్కడుందో చెప్పలేదు."

"నిన్న మీ ముందే ఉంది సార్. మీరు వేలు పెట్టని ట్రేలో."

జుట్టు పట్టుకుని నా మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. పన్ను విరిగిన చప్పుడు చెవి లోపలే వినిపించింది. రెండోసారి కొట్టబోతే తల తిప్పాను గానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. చెయ్యి కోటు లోపల ప్లేటుని పట్టుకుని ఉంది. కాలితో కడుపులో తన్నాడు. కింద పడ్డాను. నా కుడి అరచేతిని బూటుతో తొక్కి, బొటనవేలు పట్టకారు మధ్య పెట్టి నొక్కాడు. ఎముక నలిగింది. నేను అరిచిన అరుపు నాదని నాకే తెలియలేదు.

"తియ్యి ప్లేటు."

"తీస్తా... తీస్తా సార్... లేవనివ్వండి."

పైకి లేస్తూ ఎడమచేత్తో హైపో ట్రే అంచు పట్టుకుని, మొత్తం ఆయన కళ్ళలోకి కుమ్మరించాను. పులి గావుకేక పెట్టి గోడకి తగిలాడు. ఆయన భుజం స్విచ్చికి తగిలి తెల్లలైటు వెలిగింది. డెవలపరు సీసా నా చేతికి అందింది. మందపాటి సీసా. మొదటి దెబ్బ నా కోసం, రెండోది లాకప్‌లో ఉన్న పిల్ల కోసం. మూడోది పిన్నిగారి బొటనవేలి కోసం, అదే అన్నిటికన్నా గట్టిగా కొట్టాను. పులి కూలిపోయాడు. ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి. ఇంకా ఊపిరుంది. నాలుగోది కొట్టకుండా చెయ్యి ఆపుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను.

కుడివైపు ట్రేలో కొత్త ప్రింటు నల్లబడిపోతోంది. ముందు మాస్టారు పోయారు, తర్వాత అద్దం పోయింది. ఫరవాలేదు. ప్లేటు నా కడుపుకి చల్లగా ఆనుకునే ఉంది, ఏ మూలా విరగలేదు.

పులి చేతులకి ఆయన బేడీలే వేసి కుళాయి గొట్టానికి తగిలించాను. విరిగిన వేలితో అది తేలికైన పనేం కాదు. అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను, మాట్లాడలేదు. అవతల స్టేషన్ కానిస్టేబులు.

"సార్, చిన్న మాస్టారు వచ్చారు. మీరు చెప్పినట్టే ఆ పిల్లని ఆయన కారెక్కించి పంపించేశాం. కోర్టుకి తీసుకెళ్తుంటే దారిలో పారిపోయిందని ఇప్పుడే రాసెయ్యమంటారా? లేకపోతే ఆయన పని అయిందని ఫోన్ చేశాక రాయనా సార్?"

మూలలే కదా విరిగింది, ఫ్రేములో పెడితే కనపడదులే. మూలలు విరిగిన సంగతి పులి చెబితే చిన్న మాస్టారికి తెలిసిందనుకున్నాను. కాదు. ఏ మూల విరవాలో పులికి చెప్పిందే ఆయన. ప్లేటుకి ఏ చెయ్యి ఆనుతుందో, ఏ వేలు మీద గాటుందో, ఆ చేతుల్లో పెరిగినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక ఆ వేలి సంగతి తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె ఇప్పుడు ఆయన కారులో ఉంది.

"సార్?" అంటున్నాడు కానిస్టేబులు. "సార్, వినపడుతోందా?"

ఫోను జేబులో పడేసుకుని, ప్లేటుని కడుపుకి అదుముకుని పెరటి తలుపు వైపు పరుగెత్తాను.